బ్రూనన్‌బర్‌లో ఓడిన రాజుని స్కాట్లాండ్ స్థాపకుడని ఎందుకంటారు?

మీ ప్రశ్నని కుదించి చెబితే ఇదీ: స్కాట్లాండ్ మొదటి రాజు కెన్నెత్ మెకాల్పిన్ అని ఎక్కడ చూసినా చదివారు. ఈమధ్య ఎవరో అది తప్పని, ఆయన మనవడు రెండో కాన్‌స్టంటైనే అసలు స్థాపకుడని అన్నారు. ఆ కాన్‌స్టంటైన్ చూస్తే 937లో బ్రూనన్‌బర్ యుద్ధంలో ఓడిపోయాడు, కొడుకుని పోగొట్టుకున్నాడు, చివరికి సింహాసనం వదిలేసి మఠంలో చేరాడు. ఇలాంటాయనకి అంత పేరెలా వచ్చింది? వచ్చే వేసవిలో అటు వెళ్తున్నారు కాబట్టి ఆయన కాలానివి చూడ్డానికి ఏమైనా మిగిలాయా అని కూడా అడిగారు.

ముందు సూటిగా జవాబు. ఆయన యుద్ధం ఓడిపోయాడు, రాజ్యాన్ని మాత్రం పోగొట్టుకోలేదు. 900లో రాజయ్యేనాటికి ఆ రాజ్యం ఇంకో పదేళ్లు ఉంటుందో లేదో చెప్పలేని స్థితి. 943లో దిగిపోయేనాటికి దానికో పేరుంది, చర్చితో ఒప్పందం ఉంది, యుద్ధానికి జనాన్ని నడిపించే ప్రాంతీయ నాయకులున్నారు, వారసుడికి అప్పగించడానికి ఒక సింహాసనం ఉంది. కెన్నెత్ గురించి మనం చదివే కథలో చాలా భాగం తర్వాతి శతాబ్దాలవాళ్లు వెనక్కి తీసుకెళ్లి అంటించింది. నా మటుకు నేను ‘స్థాపకుడు’ అన్న మాట ఇద్దరికీ వాడను. కానీ ఎవరో ఒకరి పేరు చెప్పాల్సిందేనని పట్టుబడితే కాన్‌స్టంటైన్ పేరే చెబుతాను.

బ్రిటన్ మధ్యయుగ చరిత్ర పాఠాలు చెప్పడం నా పని. అందులో 9, 10 శతాబ్దాల ఉత్తర భాగం నాకు ఇష్టమైనది. కాస్త వివరంగానే రాస్తాను, ఓపిక చేసుకోండి.

కెన్నెత్‌తో మొదలుపెడదాం. 843లో ఆయన ఆ నేలమీది రెండు జాతులని, అంటే పాతకాపులైన పిక్ట్‌లని, ఐర్లండ్ వైపు భాష మాట్లాడే గేల్‌లని కలిపేసి కొత్త రాజ్యం పెట్టాడన్నది ప్రసిద్ధ కథ. పిక్ట్ పెద్దలందరినీ విందుకి పిలిచి చంపించాడన్న రంగుల కథ కూడా వినే ఉంటారు. అది ఆయన పోయిన మూడు వందల ఏళ్లకి గాని రాతల్లో కనబడదు. ఆయన కాలానికి దగ్గరి సాక్ష్యం ఐర్లండ్ సన్యాసులు ఏడాదికేడాది రాసుకున్న అల్‌స్టర్ వృత్తాంతాలు. అందులో 858లో ఆయన మరణం ఇలా ఉంది: పిక్ట్‌ల రాజు చనిపోయాడు. అంతే. ఆ తర్వాత తమ్ముడు డొనాల్డ్, కొడుకు మొదటి కాన్‌స్టంటైన్, ఇంకో కొడుకు ఏడ్, వీళ్లందరూ అక్కడ పిక్ట్‌ల రాజులే. 878లో ఏడ్‌ని సొంత మనుషులే చంపేశారని రాసినప్పుడూ అదే బిరుదు.

900కి వచ్చేసరికి ఉన్నట్టుండి మాట మారింది. ఆ ఏడాది చనిపోయిన రెండో డొనాల్డ్‌ని ‘ఆల్బా రాజు’ అన్నారు. ఆల్బా అన్నది ఆ రాజ్యానికి వచ్చిన కొత్త పేరు. పిక్ట్‌ల రాజన్న బిరుదు ఆ తర్వాత ఆ వృత్తాంతాల్లో మళ్లీ కనబడదు. కాబట్టి బిరుదు లెక్కన చూస్తే మొదటివాడు డొనాల్డ్ అవుతాడు, కాన్‌స్టంటైన్ కూడా కాడు. ఈ మెలిక తెలిసినవాళ్లు వాదనలో దీన్నే ముందుకు తెస్తారు, తప్పేమీ లేదు. అయితే డొనాల్డ్ ఏలింది 11 ఏళ్లు, అదీ వైకింగులతో పోరాడుతూనే. ఆల్బా అన్న పేరుకి కింద ఒక రాజ్యాన్ని నిలబెట్టే వ్యవధి దొరికింది ఆయన తర్వాత వచ్చిన కాన్‌స్టంటైన్‌కే.

వ్యవధి అన్నాను కదా, అది ఆ వంశంలో ఎంత అరుదో చూడండి. కాన్‌స్టంటైన్ పెదనాన్న, అంటే మొదటి కాన్‌స్టంటైన్, 877లో వైకింగుల చేతిలో పోయాడు. ఏడాది తిరక్కుండా తండ్రి ఏడ్ హత్యకి గురయ్యాడు. పెదనాన్న కొడుకైన డొనాల్డ్ 900లో పోయాడు, ఆయన్ని కూడా వైకింగులే చంపారని ఒక కథనం. కాన్‌స్టంటైన్ తర్వాత వచ్చినవాళ్ల సంగతీ అంతే: 954లో మాల్కం, 962లో ఇండల్ఫ్, 966లో డబ్, 971లో క్యూలెన్, నలుగురూ కత్తికే బలయ్యారు. మధ్యలో ఈయనొక్కడు నలభై మూడేళ్లు ఏలి, ముసలితనంలో మంచం మీద కన్నుమూశాడు. 1165 నుంచి 1214 దాకా ఏలిన విలియం వచ్చేవరకూ అంతకాలం రాజుగా ఉన్నవాళ్లు ఆ దేశంలో ఇంకెవరూ లేరు. విద్యార్థులు దీన్ని అదృష్టం కింద కొట్టేస్తుంటారు. కొంత అదృష్టం ఉండొచ్చు. కానీ నలభై ఏళ్లపాటు సొంతవాళ్లెవరూ కత్తి దూయకపోవడానికి అదృష్టం ఒక్కటే చాలదు.

తండ్రి పోయేనాటికి ఈయన చంటిపిల్లవాడో, కాస్త ఎదిగినవాడో. ఆ తర్వాత పదకొండేళ్లు గిరిక్ అనే బయటి మనిషి చేతిలో రాజ్యం ఉంది. మేనత్త మేల్ మురె ఐర్లండ్‌లో ఇద్దరు పెద్దరాజులని ఒకరి తర్వాత ఒకరిని పెళ్లాడింది. పిల్లవాడు ఆవిడ దగ్గర పెరిగి ఉంటాడని కొందరి ఊహ. ఊహే గానీ నిరూపణ లేదు. అదే నిజమైతే ఆయన కాలంలో గేలిక్ ఆచారాలు అంతగా ఎందుకు పుంజుకున్నాయో అర్థమవుతుంది.

ఇక పాలన. మొదటి నాలుగేళ్లూ గండమే. మూడో ఏట వైకింగులు డంకెల్డ్‌ని దోచుకున్నారు. కెన్నెత్ కాలంలో సెయింట్ కొలంబా అవశేషాలని తెచ్చి పెట్టిన చర్చి అక్కడిదే, కాబట్టి దెబ్బ డబ్బుకే కాదు, పరువుకి కూడా. మరుసటి ఏడు 904లో లెక్క తిరగబడింది. డబ్లిన్ నుంచి గెంటేస్తే ఇటు వచ్చిపడిన వైకింగు నాయకుడు ఈవార్‌ని ఫోర్ట్రియు అనే ప్రాంతపు ఆల్బా మనుషులు చంపేశారు, అతని సైన్యంలో చాలామంది పోయారు. ఈ గెలుపు తర్వాత పదేళ్లకి పైగా ఉత్తరాదిలో పెద్ద దాడుల కబురు లేదు.

నా దృష్టిలో ఆయన పాలనలో అసలైన ఘట్టం 906, బ్రూనన్‌బర్ కాదు. ఆ ఏడాది పెర్త్ పక్కనున్న స్కూన్ దగ్గర ‘విశ్వాసపు కొండ’ అని పిలిచే గుట్ట మీద రాజు, బిషప్ కెల్లాక్ పక్కపక్కన నిలబడి ఒట్టు వేశారు. మతవిశ్వాసపు నియమాలని, చర్చి హక్కులని, సువార్తలని గేల్‌ల పద్ధతిలో కాపాడతామన్నది ఆ ఒట్టు. ఆల్బా వాళ్లు సొంతంగా రాసుకున్న ‘ఆల్బా రాజుల వృత్తాంతం’లో ఇది ఒకటి రెండు వాక్యాలే. తొందరగా చదివితే ఏదో భక్తి కార్యక్రమం అనుకుని దాటేస్తాం. కానీ లెక్క వేసి చూడండి. గిరిక్ కాలాన్ని పక్కన పెడితే, అరవై ఏళ్లుగా పిక్ట్‌ల నేల మీద ఒకే కుటుంబం ఏలుతోంది, చర్చి భూములు మాత్రం రాజుల చేతికి, సైనికుల చేతికి పోతూ వస్తున్నాయి. ఇప్పుడు రాజు బహిరంగంగా, జనం ఎదుట, బిషప్‌తో సమానంగా నిలబడి హద్దులు ఒప్పుకుంటున్నాడు. బదులుగా చర్చి ఆ రాజుకి, ఆ వంశానికి, ఆ కొత్త పేరుకి ఆమోదముద్ర వేస్తోంది. అది కూడా స్కూన్‌లో. తర్వాతి కాలంలో రాజులకి పట్టాభిషేకం జరుగుతూ వచ్చిన చోటు అదే. దాన్ని ఆ పనికి మొదట వాడింది కాన్‌స్టంటైనే అని రుజువు చేయలేం. రాజకీయంగా ఆ గుట్ట మనకి కనబడే మొదటి సందర్భం మాత్రం ఇదే.

918లో ఇంకో పరీక్ష. రాగ్నల్ అనే వైకింగు రాజు ఆల్బాకి దక్షిణాన ఉన్న ఇంగ్లిష్ ప్రాంతం నార్తంబ్రియా మీద పడ్డాడు. అక్కడి బాంబరా పాలకుడు ఎల్డ్రెడ్ ఉత్తరానికి పారిపోయి కాన్‌స్టంటైన్‌ని సాయం అడిగాడు. సైన్యాలు టైన్ నది ఒడ్డున, కోర్‌బ్రిడ్జ్ దగ్గర తలపడ్డాయి. రాగ్నల్ సైన్యం నాలుగు దళాలు. మూడింటిని ఆల్బా మనుషులు చెదరగొట్టారు. నాలుగోదాన్ని రాగ్నల్ కనబడకుండా దాచిపెట్టి వెనకనుంచి విరుచుకుపడ్డాడు. చీకటి పడ్డంతో ఎవరు గెలిచారో తేలకుండా ఆగిపోయింది. ఐరిష్ రాతలో నాకు నచ్చేది చివరి మాట: చాలామంది చనిపోయారు గానీ ఆల్బా వైపు రాజు గానీ మోర్‌మేర్ గానీ ఎవరూ పోలేదట. మోర్‌మేర్ అంటే ఒక ప్రాంతాన్ని చూసుకుంటూ, యుద్ధం వస్తే అక్కడి జనాన్ని నడిపించే పెద్ద. ఈ పదవి ఆ వృత్తాంతాల్లో కనబడడం ఇదే మొదలు. రాజ్యం ఒక మనిషి వెంట తిరిగే దండు స్థాయి దాటింది అనడానికి ఇంతకన్నా పాత ఆధారం నాకు తెలీదు.

తర్వాత దక్షిణం నుంచి ఒత్తిడి. 920లో ఉత్తరాది రాజులందరూ ఇంగ్లిష్ రాజు ఎడ్వర్డ్‌ని తండ్రిగా, ప్రభువుగా ఒప్పుకున్నారని ఇంగ్లిష్ రాతలు చెబుతాయి. అది ఇంగ్లండ్ ఆస్థానం తరఫు గొప్పలు, బహుశా సమానుల మధ్య జరిగిన ఒప్పందం అయ్యుంటుంది. ఎడ్వర్డ్ కొడుకు ఎథెల్‌స్టన్ మాత్రం వేరే రకం మనిషి. 927లో యార్క్‌ని పట్టుకున్నాడు. ఆ జులై 12న ఈమంట్ వంతెన దగ్గర కాన్‌స్టంటైన్ సహా రాజులందరినీ పిలిపించి ఒప్పందం రాయించాడు. ఏడేళ్ల తర్వాత, 934లో, నేల మీద సైన్యంతో, సముద్రం మీద నౌకలతో ఒకేసారి వచ్చాడు. సైన్యం తూర్పు తీరంలోని డనాటర్ దాకా, నౌకలు ఉత్తర కొసనున్న కేత్‌నెస్ దాకా వెళ్లాయి. అంత ఉత్తరానికి ఇంగ్లిష్ రాజు సైన్యం అంతకుముందెప్పుడూ రాలేదు.

కాన్‌స్టంటైన్ పెద్ద యుద్ధం ఇవ్వలేదు. వంగాడు. అదే ఏడు సెప్టెంబర్ 13న దక్షిణాన బకింగ్‌హామ్‌లో రాసిన ఒక దానపత్రంలో సాక్షిగా ఆయన పేరుంది, పక్కన ఉపరాజు అన్న బిరుదుతో. మరుసటి ఏడు సిరెన్‌సెస్టర్‌లోనూ అంతే. యాభై దాటిన రాజు వందల మైళ్లు వెళ్లి పరాయి సభలో సామంతుడిగా సంతకానికి నిలబడ్డం ఎంత చిన్నతనమో ఊహించుకోండి. ‘అంత వంగినవాడు గొప్పవాడెలా’ అని క్లాసులో ఒకరైనా అడుగుతారు. నేను తిరిగి అడిగేది ఒకటే: ఎదురు నిలిచి డనాటర్ దగ్గరే ప్రాణం పోగొట్టుకుని ఉంటే ఆల్బాకి ఏం మిగిలేది? ఆయన పెదనాన్నా, డొనాల్డూ ఇద్దరూ అలా ఎదురు నిలిచినవాళ్లే.

937లో మూడు సైన్యాలు కలిశాయి: కాన్‌స్టంటైన్, డబ్లిన్ రాజు ఓలాఫ్, స్ట్రాత్‌క్లైడ్ బ్రిటన్ల రాజు. ఓలాఫ్ ఈయన అల్లుడని 12వ శతాబ్దపు ఇంగ్లిష్ రచయిత ఒకరు రాశారు. మూడు పక్కల వాళ్లూ ఒకరితో ఒకరు తరాలుగా కొట్టుకున్నవాళ్లే, ఎథెల్‌స్టన్ మీద భయమే వాళ్లని కలిపింది. బ్రూనన్‌బర్‌లో జరిగింది ఘోరం. ఆ విజయం మీద రాసిన పాత ఇంగ్లిష్ పద్యంలో ఓలాఫ్ పక్షాన ఐదుగురు కుర్ర రాజులు, ఏడుగురు సామంతులు కూలారని ఉంది. నెరిసిన జుట్టు కాన్‌స్టంటైన్ కొడుకుని యుద్ధభూమిలోనే వదిలి ఉత్తరానికి పారిపోయాడని ఎత్తిపొడుపు కూడా. ఆల్బా వాళ్ల సొంత వృత్తాంతం కొడుకు పోయిన సంగతి దాచలేదు. నలభై ఏళ్లు దాటాక కూడా ఇంగ్లండ్‌లో జనం దాన్ని ‘మహాయుద్ధం’ అనే పిలిచేవారట.

ఈ యుద్ధం ఎక్కడ జరిగిందని మాత్రం నన్ను అడక్కండి, అడిగితే రాత్రంతా కూర్చోవాలి! లివర్‌పూల్ ఎదురుగా విరల్ ద్వీపకల్పంలోని బ్రాంబరా అని ఎక్కువమంది అంటారు, నేనూ అటే మొగ్గుతాను. వేరే ఊళ్ల పేర్లు డజన్లకొద్దీ ఉన్నాయి.

సరే, ఓడిపోయాడు. తర్వాత ఏమైంది? ఎథెల్‌స్టన్ గెలిచి ఉత్తరానికి రాలేదు. రాలేకపోయాడు అనడమే సరి, ఆయన పక్షాన కూడా నష్టం తక్కువ కాదు. రెండేళ్లకే, 939 అక్టోబర్‌లో చనిపోయాడు. అదే ఏడాది చివర్లో ఓలాఫ్ వచ్చి యార్క్‌ని పట్టుకున్నాడు. 934లో ఎథెల్‌స్టన్ సంపాదించిన పెత్తనం ఆయనతోనే పోయింది. ఆల్బా అంగుళం నేల కోల్పోలేదు, ఓడి ఇంటికొచ్చిన రాజుని ఎవరూ దింపలేదు. ఇంకో ఆరేళ్లు ఏలాడు. ఆ వంశంలో ఓడి, ముసలివాడై, కొడుకుని పోగొట్టుకున్న రాజు మామూలుగా ఆరు నెలలు కూడా బతకడు.

943లో దిగిపోవడం గురించి. ముసలితనంలో దండం పట్టుకుని దేవుడి సేవకి వెళ్లాడని, రాజ్యాన్ని డొనాల్డ్ కొడుకు మాల్కంకి అప్పగించాడని వృత్తాంతం చెబుతుంది. సెయింట్ ఆండ్రూస్‌లో కెలీ డే అనే సన్యాసులకి మఠాధిపతి అయ్యాడు. ఇష్టపడి దిగాడా, దించారా? రెండు వాదనలూ ఉన్నాయి. మాల్కం తండ్రి 900లోనే పోయాడు, అంటే మాల్కంకి అప్పటికే నలభై దాటాయి. అంతకాలం కాచుకున్నవాడు కాస్త తొందరపెట్టి ఉండొచ్చు. రెండు శాఖలూ వంతులవారీగా ఏలుకోవాలన్న అవగాహన అప్పటికే ఉందని కూడా దీన్నిబట్టి అనిపిస్తుంది. మాల్కం తర్వాత సింహాసనం మళ్లీ కాన్‌స్టంటైన్ కొడుకు ఇండల్ఫ్‌కే వచ్చింది. ఎలా దిగినా కత్తి లేకుండా చేతులు మారింది, అది చిన్న సంగతి కాదు.

మఠంలో ఉన్నా మనసు మాత్రం అక్కడ లేదని ఒక సరదా కథ. 950 ప్రాంతంలో మాల్కం టీస్ నది దాకా దండెత్తి పశువులని, మనుషులని పట్టుకొచ్చాడు. కొందరేమో ఆ దాడి చేసింది కాన్‌స్టంటైనేనని, ఇంగ్లిష్ వాళ్లని ‘పలకరించి’ వస్తాను, ఒక్క వారం రాజ్యం తిరిగి ఇవ్వమని మాల్కంని అడిగాడని చెప్పుకునేవారు. వృత్తాంతకారుడు అదీ రాసి, కాదులే, వెళ్లింది మాల్కమే గానీ ఎగదోసింది ముసలాయనే అని సర్దాడు. 952లో చనిపోయేనాటికి ఆయనకి డెబ్బై దాటాయి.

ఇప్పుడు కొన్ని జాగ్రత్తలు, ఎందుకంటే నెట్‌లో ఈ రాజు మీద చెత్త చాలా ఉంది.

ఆల్బా అంటే ఇవాళ్టి స్కాట్లాండ్ కాదు. ఫోర్త్ నదీముఖానికి ఉత్తరాన తూర్పు వైపు ఉన్న నేల అది. ఎడిన్‌బరా ఇంగ్లిష్ మాట్లాడే నార్తంబ్రియాది, ఇండల్ఫ్ కాలంలో గాని చేతికి రాలేదు. గ్లాస్గో వైపు బ్రిటన్ల రాజ్యం. ఉత్తర కొసన, దీవుల్లో నార్స్ వాళ్లు. పిల్లల మ్యాపుల్లో మొత్తం ఒకే రంగు వేసి 843 అని రాయడం చూస్తే నాకు టెన్షన్ వస్తుంది.

కాన్‌స్టంటైన్ తమ్ముడు స్ట్రాత్‌క్లైడ్‌కి రాజయ్యాడని పాత పుస్తకాల్లో ఉంటుంది. ఒక లాటిన్ వాక్యాన్ని తప్పుగా చదవడం వల్ల పుట్టిన సంగతి అది, ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకోరు. అలాగే ఫోర్ట్రియు పెర్త్ దగ్గరుందని పాత మ్యాపులు చూపిస్తాయి. 2006 నుంచి దాన్ని ఉత్తరాన మోరే వైపుకి జరిపారు. మీరు చదివే పుస్తకం పాతదో కొత్తదో తెలుసుకోవడానికి ఈ రెండూ చూస్తే చాలు.

ఇంకోటి. ఆల్బా పక్షాన మనకున్న ముఖ్య ఆధారం ఆ రాజుల వృత్తాంతం ఒక్కటే. అది 14వ శతాబ్దంలో యార్క్‌లో రాసుకున్న ఒకే ఒక్క ప్రతిలో మిగిలింది, ఇప్పుడు పారిస్‌లో ఉంది. నలభై ఏళ్ల పాలనకి పేజీ కూడా నిండదు. నా విద్యార్థులకి ఆ భాగాన్ని ఇచ్చి, ఐరిష్, ఇంగ్లిష్ రాతలతో సరిపోయే వాక్యాల కింద గీత గీయమంటాను. యుద్ధాలన్నిటికీ గీతలు పడతాయి. స్కూన్ ఒట్టుకి పడదు, బయట ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. అందుకే పరాయి వృత్తాంతాలు మాత్రమే చదివినవాళ్లకి ఈయన ఓడిపోయిన ముసలి రాజుగానే కనబడతాడు. మీరు చూసింది కూడా ఆ వైపు కథే అయ్యుంటుంది.

చివరిగా మీ ప్రయాణం. స్కూన్‌లో పెద్ద కొండని ఊహించుకుని వెళ్లకండి, ప్యాలెస్ ముందు పచ్చికలో చిన్న దిబ్బ, దాని మీద తర్వాతి కాలపు చిన్న ప్రార్థనాలయం, ముందు, రాజులు పట్టాభిషేకానికి కూర్చునే శిలకి నకలు. అసలు శిల 2024 నుంచి దగ్గర్లోనే పెర్త్ మ్యూజియంలో ఉంది, రెండూ ఒకే రోజు అవుతాయి. డనాటర్‌లో సముద్రం మీదికి పొడుచుకొచ్చిన రాతి మీద కోట అద్భుతంగా ఉంటుంది గానీ కనబడే గోడలన్నీ కాన్‌స్టంటైన్ తర్వాత కొన్ని వందల ఏళ్లకి కట్టినవి. సెయింట్ ఆండ్రూస్‌లో కథీడ్రల్ శిథిలాలు కూడా 12వ శతాబ్దం నుంచి మొదలైనవే. అక్కడ మ్యూజియంలో పెట్టిన పిక్ట్‌ల రాతి శవపేటిక మాత్రం ఈయన కన్నా పాతది, దాన్ని వదలకండి. వెళ్లే ముందు తెరిచి ఉండే వేళలు ఒకసారి చూసుకోండి, శీతాకాలంలో కొన్ని మూసేస్తారు, వేసవిలో ఇబ్బంది ఉండదు.